రెండు బోర్డుల మీద ఒకే మాట

ఈ దేశం వచ్చి జంతు ప్రదర్శనశాలలో పనికి చేరిన కొత్తలో నాకు ఇక్కడి భాష రాదు. తోటి పనివాళ్లది తలో దేశం. మా అందరికీ కలిసిన మాటలు శాస్త్రీయ నామాలే. 'లెమర్ కాటా' అంటే తోక మీద నలుపు తెలుపు పట్టీలున్న లెమర్. 'ఏటోబేటస్ నరినరి' అంటే మచ్చల ఈగిల్ రే అనే సముద్రపు చేప. పొద్దున్నే వీటికి మేత సిద్ధం చేయడం నా పని.

లెమర్లకు ఆకులు, కూరగాయలు తరగాలి. రేలకైతే గడ్డకట్టిన చేపను కరగనిచ్చి, మొప్ప కింద బి1 విటమిన్ మాత్ర దూర్చాలి. నిల్వ చేపలో ఆ విటమిన్ తగ్గిపోతుంది. మాత్ర జారిపోకుండా వేలితో లోపలికి నొక్కాలి. మొదటి వారమంతా అదే టెన్షన్.

"లెమరంటే కోతేనట్రా?" అని అమ్మ ఫోన్లో అడిగింది. కోతి కాదమ్మా అన్నాను. కోతులూ మనమూ ఉన్న ప్రైమేట్లలోనే అది వేరే శాఖ. దాని సొంత నేల మడగాస్కర్. అక్కడ సెప్టెంబరు ప్రాంతంలో పిల్లల్ని కనే ఈ జాతి, ఉత్తరార్ధగోళానికి తెస్తే పగటి పొడవును బట్టి మార్చికి మారిపోతుంది. అది విన్న రోజు దాని మీద నాకు చుట్టరికం లాంటిది పుట్టింది.

రే మాత్రం చేప. ఒంట్లో ఎముక ఉండదు, అంతా మృదులాస్థే. సొరచేపకు దగ్గరి బంధువు. వెన్నెముక గల జీవులన్నంత వరకే లెమర్‌కూ రేకూ పొత్తు. తర్వాత ఒకటి క్షీరదాల్లోకి, ఒకటి మృదులాస్థి చేపల్లోకి పోతాయి.

కానీ ఈగిల్ రే గుడ్లు పెట్టదు. దాదాపు ఏడాది మోసి, కడుపులోనే పాల లాంటి ద్రవంతో పిల్లల్ని పెంచి కంటుంది. ఈతకు కొద్ది పిల్లలే. లెమర్‌కు నాలుగున్నర నెలలు, చాలాసార్లు ఒక్కటే పిల్ల. ఇంత నెమ్మదిగా పెరిగే జాతులు వలలకూ అడవుల నరికివేతకూ ఎలా తట్టుకుంటాయి? ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసే ముప్పు జాబితా 'రెడ్ లిస్ట్‌'లో రెండిటిదీ 'ఎన్‌డేంజర్డ్', అంటే అంతరించే ముప్పున్న స్థాయే. 2020 లెక్కలో 107 లెమర్ జాతుల్లో 103 ముప్పులో ఉన్నాయి. సొరలు, రేలు వగైరాల్లో మూడోవంతుకు పైగా అదే దారిలో ఉన్నాయని 2021లో తేలింది.

లెమర్ల దగ్గర బోర్డు చదివి జనం "అయ్యో" అంటారు. రే తొట్టి దగ్గర ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నాకది చాలా బాధగా ఉండేది. అందుకే ఈ భాషలో నేను పట్టుబట్టి నేర్చుకున్న మొదటి పూర్తి వాక్యం, "ఇది కూడా అంతరించిపోయేలా ఉందండీ."