ఐదు కాదు, ఎనిమిది

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ధాన్యం బస్తాలు తూచే పాత ఎలక్ట్రానిక్ కాటా ఒకటి మూడు నెలలుగా నా బల్ల మీద ఉంది. లోపలున్నది ఏటీ89సీ52 అనే చిప్, ప్రోగ్రామును దాచుకోవడానికి అందులో 8 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ. ఆ ప్రోగ్రామును ఎస్‌టీఎం32 అనే కొత్త తరం చిప్ ఉన్న బోర్డుకు మార్చడం నా పని. సోర్స్ కోడ్ ఒక ఫ్లాపీలో దొరికింది. దాన్ని కంపైల్ చేసేది, అంటే చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చేది, డాస్ కాలపు కైల్ సి51 అనే కంపైలర్. 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను అసలు నడపదు కాబట్టి పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపించాను.

వెంటనే కొత్త బోర్డు పని మొదలుపెట్టమని అందరూ తొందరపెట్టారు. నేను ఒప్పుకోలేదు. పాత కోడ్‌ను పాత కంపైలర్‌తోనే కట్టి, వచ్చిన హెక్స్ ఫైలు (చిప్‌లోకి ఎక్కించే బైట్ల ఫైలు) చిప్‌లో ఉన్నదానితో సరిపోతుందో లేదో చూడనిదే ఒక్క అక్షరం కూడా మార్చనన్నాను. అదృష్టవశాత్తూ లోపలి ప్రోగ్రామును ఎవరూ చదవకుండా ఆపే లాక్ బిట్లు ఆ చిప్‌కు వేయలేదు. చదివి పోల్చాను. ఒకే ఒక్క బైటు తేడా! సోర్స్‌లో 5, చిప్‌లో 8. బరువు నిలకడగా ఉందని తేల్చడానికి వరుసగా ఎన్ని రీడింగులు ఒకేలా రావాలో చెప్పే అంకె అది.

ఆ కోడ్ రాసిన పెద్దాయన ఇప్పుడు రిటైరయ్యారు. ఫోన్ చేసి అడిగాను. "మిల్లులో మోటార్లు తిరుగుతుంటే నేల అదురుతుందమ్మా. ఐదైతే అంకె ఊగేది. అక్కడే కూర్చుని ఎనిమిది చేశాను. ఆ ఫ్లాపీలోకి ఎక్కించడం మరిచిపోయానేమో" అన్నారు. ఫ్లాపీని నమ్మి ముందుకు పోయి ఉంటే ఆ ఎనిమిది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

కొత్త బోర్డులో మొదటి పరీక్షకు 10 కిలోల తూకపు రాయి పెట్టాను. తెర మీద 284.48 కనిపించింది. బరువును కొలిచే సెన్సార్ అయిన లోడ్ సెల్‌ను అనుమానించి ఒక రోజంతా పోగొట్టుకున్నాను. చివరికి కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో దాచిన కాలిబ్రేషన్ అంకెను, అంటే సెన్సార్ రీడింగును కిలోల్లోకి మార్చే అంకెను, చూశాను. పాత చిప్ దాన్ని హెక్స్ (16 ఆధారంగా ఉండే) లెక్కలో 01, 20 అని రెండు బైట్లుగా వరుసగా రాసింది, అంటే మామూలు లెక్కలో 288. కైల్ సి51 పెద్ద బైటును ముందు పెడుతుంది. ఎస్‌టీఎం32లోని ఆర్మ్ ప్రాసెసర్ చిన్న బైటును ముందు చదువుతుంది. అందుకే 288 కాస్తా 8193 అయింది. 8193ని 288తో భాగించి చూస్తే 28.448 వచ్చింది, తెర మీద పది కిలోలు పెరిగింది సరిగ్గా అన్ని రెట్లే. ఆ క్షణం కలిగిన ఊరట ఇంకా గుర్తుంది.

టైమర్ లెక్క కూడా తప్పింది. కైల్‌లో అన్‌సైన్డ్ ఇంట్ (రుణ గుర్తు లేని పూర్ణాంకం) 16 బిట్లే, 65,535 దాటగానే సున్నాకు తిరుగుతుంది. గడిచిన సమయం కోసం ఒక టైమర్ అంకె నుంచి ఇంకోదాన్ని తీసివేసేటప్పుడు పాత కోడ్ ఆ తిరుగుడు మీదే ఆధారపడింది. ఆర్మ్‌లో ఇంట్ 32 బిట్లు కాబట్టి తీసివేత ఫలితాన్ని మళ్లీ 16 బిట్లకు కుదించాల్సి వచ్చింది.

డాస్‌బాక్స్ సెట్టింగులు, ఆ కంపైలర్, చిప్ నుంచి చదివిన హెక్స్ మూడూ ఇప్పుడు కొత్త కోడ్ పక్కనే భద్రంగా ఉన్నాయి. 8 ఉన్న వరుస పక్కన ఆయన చెప్పిన కారణం తెలుగులోనే రాసి పెట్టాను. వచ్చే వారం కాటాను మిల్లుకు తీసుకెళ్తున్నాను. మోటార్లు తిరుగుతుండగానే తూచి చూడాలి.