గ్లాసు కింద ఆకుపచ్చ

పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా గ్లాసు ఎత్తి చూశాను. కాగితం మీద ముద్ర పడింది. ఆకుపచ్చ! ఒళ్లు జలదరించింది.

నిన్న ఎనిమిదో తరగతి కుర్రాడొకడు టిఫిన్ డబ్బాలో రెండు పుట్టగొడుగులు తెచ్చాడు. నాలుగు రోజులుగా విశాఖలో ఒకటే వాన కదా, అడవివరంలో వాళ్లింటి పక్క పచ్చికలో వరసగా లేచాయట. "మీకు చూపించాక కూర వండుతానంది మా అమ్మ" అన్నాడు. తెల్లగా సాసరంత ఉన్నాయి, ఎవరికైనా నోరూరుతుంది. అడుగున రెక్కలూ తెల్లవే. వండొద్దని గట్టిగా చెప్పి పంపి, ఒకదాని కాడ కోసేసి సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద బోర్లించి గ్లాసు మూత పెట్టాను. రాత్రంతా రెక్కల్లోంచి సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సన్నటి పొడి, రాలి ముద్ర పడుతుంది. అవి తెల్లవైతే నల్ల కాగితం మీదే కనిపిస్తాయి మరి.

ఆకుపచ్చ ముద్ర వేసేది క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు. దాని రెక్కలు ముదిరితేగానీ రంగు మారవు, అదే మోసం. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు.

అత్తయ్య ఒప్పుకోలేదు. "ఉరుములు ఉరిమిన మర్నాడు పుట్టల దగ్గర ఏరుకుని వండేవాళ్లం, ఎవరికేమైంది?" అంది. నిజమే. అవి చెదపురుగులు పుట్టలో పెంచుకునే శిలీంధ్రానివి. లాగితే వేరులాంటి పొడుగాటి కాడ పుట్టలోంచి వస్తుంది. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. కానీ ఈ విషపుది లేచేది పచ్చికలో. వాళ్ల ఊళ్లో పుట్టలే తప్ప లాన్లు ఎక్కడివి?

మూడో పీరియడ్‌లో కాగితం చూపించాను. పుట్టగొడుగు మొక్కే కదా అని ఒకమ్మాయి అడిగింది. కాదు, 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవుల అయిదు రాజ్యాల వర్గీకరణలో శిలీంధ్రాలకి వేరే రాజ్యమే ఇచ్చాడు, రొయ్య పెంకులో ఉండే కైటిన్ వీటి కణకవచంలోనూ ఉంటుంది అన్నాను. "అయితే ఇగురు పెట్టుకోవచ్చా టీచర్?" అని వెనక బెంచీ. క్లాసంతా గొల్లున నవ్వింది. పుట్టగొడుగు తెచ్చినవాడు మాత్రం నవ్వలేదు. వాళ్లమ్మ మిగతావన్నీ రాత్రే పారేసిందట. పారేస్తూ వీణ్ణి తిట్టిందట కూడా.

ఇంటికొచ్చేసరికి ఆ గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. "దీంతో ఎవరూ మంచినీళ్లు తాగకండి" అంది అత్తయ్య. కడిగితే పోతుందన్నా వినదు.