ఎనిమిదో శాలువా

ఎనిమిదో శాలువా కప్పుతుంటే లేచి నిలబడ్డాను, వెళ్లిపోదామని.

ఆరింటికి కచేరీ అన్నారు. వైశాఖ పౌర్ణమి, అన్నమయ్య జయంతి కదా అని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో ఉడికి మరీ టైముకి చేరాను. ఏడుంబావు దాకా ప్రసంగాలే. ప్రతి ఒక్కరూ 'రెండే రెండు మాటలు' అంటూ మొదలుపెట్టి, ఆయన 32 వేల సంకీర్తనలు రాశారని మళ్లీ చెప్పేవాళ్లే. మే నెలలో, ఏసీ సగమే పనిచేసే హాల్లో, మనిషికో శాలువా! తలా ఒక డజను తాటిముంజలు ఇస్తే సరిపోదూ?

అసలు వేసవి వస్తే చాలు, హైదరాబాద్‌కి కళ పూనుతుంది. పొద్దున్నే మా కింది ఫ్లాట్‌లో సమ్మర్ క్యాంప్ పిల్లల సరళీ స్వరాలు. పాపం మాయామాళవగౌళ రాగాన్ని నెలరోజులుగా దోశపిండిలా రుబ్బుతున్నారు. జూన్‌లో బడి తెరవగానే ఆ కీబోర్డులన్నీ అటకెక్కుతాయి, చూస్తూ ఉండండి.

లేచి నిలబడ్డానన్నానుగా. అప్పుడే తెర వెనక ఎవరో వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నారు. మళ్లీ కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాకా కదల్లేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ 'ఎలా ఉంది?' అంది.

'మైకు బాలేదు' అన్నాను.