మారుతండ్రి గడ్డం గీసుకునే సీను

"ఈ సినిమా మొదటి అయిదు నిమిషాలూ ఫోన్ ముట్టుకోకండర్రా!" ఇవాళ మూడు లాంతర్ల సెంటర్ దగ్గర టీ తాగుతూ కుర్రాళ్లకి ఇదే చెప్పాను.

సినిమా 1987 నాటి ఇంగ్లీషు ‘ది స్టెప్‌ఫాదర్’. అద్దం ముందు ఒకడు నెత్తురు కడుక్కుంటాడు. గడ్డం గీసేస్తాడు, వేషం మార్చేస్తాడు. తాపీగా మెట్లు దిగుతాడు. అప్పుడు కనిపిస్తాయి కింద శవాలు.

హంతకుణ్ణి దాచకపోవడమే దర్శకుడు జోసెఫ్ రూబెన్ గెలుపు. ఆ తర్వాత కొత్త ఇంట్లో మారుతండ్రిగా చేరి వాడు నవ్వినా మనకి వెన్నులో చలే. ఒకచోట మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇక్కడ తనెవరో తనకే తట్టక ఆగిపోతాడు. ఆ ఒక్క క్షణం, ఆ వేషం వేసిన టెర్రీ ఓక్విన్ మొహం చూడండి, ఖాళీ!

2009లో మళ్లీ తీశారు. కూతురి బదులు కొడుకుని పెట్టారు. పాతదాంట్లో వాడు మంచోడు కాదని పిల్ల చెబుతున్నా అమ్మ నమ్మదు; ఆ దిగులు కొత్తదాంట్లో పల్చబడిపోయింది. పాతదే చూడండి, రాత్రిపూట, లైట్లార్పి.