గోడ వైపు తిప్పిన బల్ల

కోపెన్‌హేగెన్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో ఈ టేకు రాతబల్లను కొన్నాక, మొదటి రెండేళ్లు దాన్ని గోడకు ఆనించే వాడుకున్నాను. వెనకవైపు పుస్తకాలు పట్టే అర ఒకటి ఉన్నట్లు కొన్నప్పుడే చూశాను గానీ, పాత యజమాని ఎవరో తన అవసరానికి అమర్చుకున్నదనుకుని మళ్లీ దాని గురించి ఆలోచించలేదు. ఇల్లు మారినప్పుడు సాయానికి వచ్చిన డేనిష్ సహోద్యోగి బల్లను గది నడిమధ్య దించి, ఇక కదపవద్దన్నారు. అప్పుడు గానీ దాని అసలు ముఖం ఏదో నాకు తెలియలేదు.

1950, 60 దశకాల్లో డెన్మార్క్‌లో తయారైన కార్యాలయపు బల్లల్లో ఈ ఏర్పాటు తరచుగా కనిపిస్తుంది. ఆర్నె వోడర్, కై క్రిస్టియన్‌సెన్ వంటివారు రూపొందించిన బల్లల్లో వెనకభాగాన్ని కూడా ముందుభాగమంత శ్రద్ధగా తీర్చారు. బల్ల గది మధ్యలో ఉంటుందనీ, ఎదుట కూర్చునే మనిషికి కనిపించేది వెనకభాగమేననీ ముందే లెక్కవేసుకున్నారన్నమాట. మా ఊరి కార్యాలయాల్లో ఆఫీసరుగారి మేజాబల్లకు, ఆయన కాళ్లు కనపడకుండా, ఒక చెక్క కొట్టి ఊరుకునేవారు. అర్జీతో వచ్చినవారికి దక్కే దృశ్యం అంతే.

సొరుగులకు పిడులు లేవు. ప్రతి సొరుగు అంచునూ గట్టి టేకులోనే లోపలికి తొలిచి, వేళ్లు ఆనే గాడిగా మలిచారు. కాబట్టి మోకాలికి తగిలే లోహమూ లేదు, వదులయ్యే మరా లేదు. సొరుగుల పెట్టెకూ పైపలకకూ మధ్య రెండు వేళ్ల సందు వదలడం వల్ల, అంత వెడల్పాటి పలక కూడా గాలిలో నిలిచినట్లుంటుంది. ఈ క్రమశిక్షణ వెనక, 1924లో అక్కడి కళావిద్యాలయమైన రాయల్ అకాడమీలో, డిజైనర్ కోరె క్లింట్ ఆధ్వర్యంలో మొదలైన ఫర్నిచర్ విభాగం ప్రభావం చాలా ఉంది. ముందు లోపల పెట్టే వస్తువులను కొలిచి, ఆ తరువాతే పెట్టె కొలతలు నిర్ణయించడం ఆయన పద్ధతి.

టేకు డెన్మార్క్‌లో పెరగదు. ఓక్, బీచ్ కలపకు అలవాటుపడిన అక్కడి వడ్రంగులు, రెండో ప్రపంచ యుద్ధం తరువాత థాయిలాండ్, బర్మాల నుంచి ఓడల్లో వచ్చిన ఈ కలపను పెద్దయెత్తున వాడసాగారు. టేకులోని సిలికా పనిముట్ల పదును త్వరగా తినేస్తుందన్న సంగతి మన వడ్రంగులకు కొత్త కాదు గానీ, వారికి అదొక కొత్త తలనొప్పి అయి ఉంటుంది.

వీడియోలో బల్లను చూసిన మా నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని సీఎఫ్‌టీల కలప పట్టి ఉంటుందిరా?" అని. ఇంటి ద్వారబంధాలకు ఘనపుటడుగుల (సీఎఫ్‌టీ) లెక్కన కలప కొన్నవారికి ఆ లెక్కే తోస్తుంది. నిజానికి కాళ్లూ అంచులూ మాత్రమే గట్టి టేకు. మిగిలినదంతా వేరే చెక్క మీద అతికించిన, మిల్లీమీటరైనా మందం లేని టేకు పొర. "అయితే మోసపోయావు" అన్నారాయన. నేను ఒప్పుకోలేదు. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన పొరలు కాబట్టే మూడు సొరుగుల మీదా చెక్క రేఖలు తెగకుండా సాగుతున్నాయి. పైగా మా ఇంట్లో శీతాకాలపు హీటర్ల వేడికి, అంత వెడల్పున్న గట్టి చెక్క ఏదో ఒకవైపు వంగి ఉండేది.

ఆ పొర ఎంత పలుచనో నాకు అనుభవపూర్వకంగా తెలుసు. కాఫీ కప్పు వదిలిన తెల్లటి వలయాన్ని పోగొట్టాలని సాండ్ పేపరుతో రుద్దుతూ పోతే, వలయంతోపాటు టేకు కూడా పోయి, అడుగునున్న పాలిపోయిన చెక్క బయటపడింది. నూనె గుడ్డతో తుడిచి ఒక రాత్రి ఆగి ఉంటే సరిపోయేదేమో. రూపాయి బిళ్లంత ఉన్న ఆ మచ్చ మీద ఇప్పుడు దీపం పెట్టాను. వెనక అరలో, వచ్చినవారికి ఎదురుగా, తెలుగు పుస్తకాలు సర్దాను; మొన్న వేసవిలో వచ్చిన నాన్నగారు అటువైపు కుర్చీ వేసుకుని వాటిలో ఒకటి తీసి చదువుతూ, మధ్యలో దీపాన్ని కాస్త పక్కకు జరిపారు.