నేపుల్స్‌లో "అసలైన" ఆల్చిప్పలు

రోమ్ గురించి అందరూ రాసేశారు కాబట్టి ఆ నాలుగు రోజులూ వదిలేస్తున్నా. నాకు చెప్పాలనిపించింది నేపుల్స్‌లో ఒక్క మధ్యాహ్నం భోజనం గురించే.

మోంతెసాంతో స్టేషన్ దిగితే పిన్యసెక్కా మార్కెట్ కదా, ఆ సందుల్లో చిన్న హోటల్. ఆల్చిప్పల స్పగెట్టి ప్లేటు 16 యూరోలు, పైగా కూర్చున్నందుకు మనిషికి 2 యూరోలు కొపెర్తో అట, ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చలేదు. ప్లేటు రాగానే మా బావ చీజ్ అడిగాడు, వడ్డించే పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. డబ్బులిచ్చి తినేది మనం, ఆయనకేంటంట అని చాలా కోపమొచ్చింది.

కానీ వంటగది మా టేబుల్‌కి కనిపిస్తూనే ఉంది. వెల్లుల్లి వేగిన నూనెలో ఆల్చిప్పలు పోసి మూత పెడితే నోళ్లు తెరుచుకుని నీళ్లొదిలాయి, పాస్తా ఇంకా పలుకుగా ఉండగానే తీసి అందులో వేసి, ఉడికించిన నీళ్లు గరిటెడు పోసి వంటాయన పెనం ఊపుతూనే ఉన్నాడు, ఆ నీళ్లు గంజిలా చిక్కబడి పాస్తాని పట్టుకునేదాకా. తిన్నాక ఒప్పుకున్నా, ఆ సముద్రపు ఉప్పదనం మీద చీజ్ పడితే ఇంకేం మిగలదు. అలాగని చేపలూ గుల్లల్లో చీజ్ వెయ్యడం ఇటలీలోనే లేదంటే తప్పు, అటు తీరాన బారి అనే ఊళ్లో బియ్యం, బంగాళదుంప, మసెల్స్ కలిపి చేసే తియెల్లాలో పెకొరీనో చీజ్ వేస్తారు.

పక్క టేబుల్లో మొగుడూ పెళ్లాలు టమాటా గురించి వాదించుకుంటున్నారు. నాలుగు చిన్న టమాటాలు పడాలంటాడు ఆయన, మా అమ్మ ఏనాడూ వెయ్యలేదంటుంది ఆవిడ. భీమవరంలో మా ఇల్లే గుర్తొచ్చింది, రొయ్యల ఇగురులో టమాటా వేస్తే నాయనమ్మ ముట్టేది కాదు, అమ్మ వెయ్యకుండా ఉండేది కాదు. ఆ టమాటా వాళ్లకీ మనకీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే.

బయటికొచ్చాక చేపల బల్ల మీద చీటీ చూశా. పైన వాంగొలే వెరాచీ అని పెద్ద అక్షరాలు, వాంగొలే అంటే ఆల్చిప్పలు, వెరాచీ అంటే అసలైనవి అని బావ చెప్పాడు. కింద చిన్నగా శాస్త్రీయనామం, ఫిలిప్పినారుమ్, పక్కనే పెంపకం అని. ఆసియా జాతి అది, 1983లో వెనిస్ ఉప్పుకయ్యల్లో పెంచడం మొదలుపెట్టారు, ఇప్పుడు వెరాచీ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ ఇవే. చీజ్ గురించీ టమాటా గురించీ అంత పట్టుదల, మరి ఆల్చిప్పే మారిపోయిందే! నాకు తప్పుగా అనిపించలేదు. మన చెరువుల్లో టైగర్ రొయ్య తెల్లమచ్చల తెగులు వైట్ స్పాట్‌తో పోయి, 2009 తర్వాత పసిఫిక్ నుంచి వనామీ రొయ్య రాలేదా, ఇప్పుడు మా ఇంట్లో ఇగురంటే వనామీయే కదా.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఆయన ముప్పై ఏళ్లు చెరువులు చేసిన మనిషి, రుచి సంగతి అడగలేదు.

"వాటికి తెగుళ్లు రావా?"

2023లో నీలిపీతలు ఎక్కువైపోయి పో నది డెల్టాలో ఆల్చిప్పల పిల్లల్ని తినేశాయి, రైతులు బాగా దెబ్బతిన్నారు నాన్నా అన్నా. అటుపక్క కాసేపు మాట లేదు.

"మరి ఏం చేస్తున్నారంట పాపం?"

"ఆ పీతల్నే పట్టి అమ్ముతున్నారు. వాటితో కూడా పాస్తా చేస్తున్నారు."