ఇరవై రెండో గడి

జర్మనీలో ప్రతి కారుకూ ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రంలో 22 అని అంకె వేసిన గడి ఒకటి ఉంటుంది. కారు తయారై వచ్చిన నాటికి లేని మార్పులనూ, వాటికి పెట్టిన షరతులనూ అందులో రాస్తారు. చాలా కార్లకు ఆ గడిలో ఒకటి రెండు వరుసలకు మించి ఉండవు. 1996లో తొలిసారి రోడ్డెక్కిన నా బీఎండబ్ల్యూ 328ఐ సెడాన్‌కు మాత్రం అక్కడ చోటు చాలక అక్షరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. చక్రాల కొలతలు, స్ప్రింగుల మీది గుర్తు సంఖ్య, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఉండవలసిన కనీసపు ఎత్తు అన్నీ అందులో ఉన్నాయి. ఆ నాలుగు వరుసలు రాయించుకోవడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది.

నేను 2017లో కొలోన్ నగరానికి ఉద్యోగానికి వచ్చాను. కార్లకు బ్రేకు వ్యవస్థలు తయారుచేసే ఒక సంస్థలో, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా పని. పరీక్ష వాహనాల నుంచి వచ్చే పీడనం, వేగం, ఉష్ణోగ్రతల గీతలను తెర మీద చూసి, ఎక్కడ ఏ గీత దారి తప్పిందో నివేదిక రాయాలి. రోజుకు ఎనిమిది గంటలు బ్రేకుల గురించే ఆలోచించేవాడిని కానీ, అసలు ఒక బ్రేకును చేత్తో విప్పి చూసింది లేదు. అప్పట్లో నాకు ఇక్కడ బండి నడిపే అర్హత కూడా లేదు. భారతదేశపు లైసెన్సు ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న తరవాత ఆరు నెలలే చెల్లుతుంది. ఆ పైన రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ నెగ్గాలి. పదేళ్లు బండి నడిపినవాడిని మళ్లీ శిక్షకుడి పక్కన కూర్చొని, గుర్తులేవీ లేని కూడలిలో కుడి వైపు నుంచి వచ్చే వాహనానిదే మొదటి హక్కు అనే నియమాన్ని ఎందుకు మరిచావని చీవాట్లు తిన్నాను. మొదటిసారి తప్పాను, రెండోసారి నెగ్గాను.

నా నివాస అనుమతి కార్డుకు జతగా ఒక అదనపు కాగితం ఇచ్చారు. నేను ఏ సంస్థలో పనిచేయవచ్చో దాని మీద పేరుతో సహా రాసి ఉండేది. అప్పటి నియమాల ప్రకారం మొదటి రెండేళ్లలో ఉద్యోగం మారాలంటే విదేశీయుల కార్యాలయం అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం సంచిలో కనిపించినప్పుడల్లా, నన్ను ఎవరో బీరువాలో సర్ది చీటీ అంటించారన్న చిన్నతనం కలిగేది. ఆ భావం పోవడానికి ఈ కారే కారణమని చెబితే నా స్నేహితులు నవ్వుతారు.

ఆ రెండేళ్లు గడిచాక, 2019లో దాన్ని కొన్నాను. 2,793 సీసీల ఇంజను, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, 193 అశ్వశక్తి. ఇప్పటి లెక్కలో ఇది గొప్పేమీ కాదు. బరువు ముందు, వెనుక ఇరుసుల మీద దాదాపు సమానంగా పడటం, వెనుక చక్రాలే బండిని తోయడం, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్ప నేను రోజూ పరీక్షించే ఆధునిక నియంత్రణలు చాలావరకు లేకపోవడం నన్ను ఆకర్షించాయి. ఆఫీసులో మాకంటే పదేళ్ల ముందు వచ్చిన తెలుగాయన ఒకరు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏంటి తమ్ముడూ, నీ వయసుకు దీని వయసుకు పెద్ద తేడా లేదే!" అన్నారు. వెనుక మడ్‌గార్డు లోపలి అంచున తుప్పు, జాకీ పెట్టే చోట తుప్పు కనిపిస్తూనే ఉన్నాయి. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ వయసు కార్లన్నిటికీ మిగిల్చే ఆస్తి అదే.

నాలుగో అంతస్తు అద్దె ఇల్లు, వీధిలో పార్కింగు. వీధిలో కారు విప్పి మరమ్మతు చేయడం కుదరదు, ఆదివారం ఎక్కడా చప్పుడు చేయకూడదు. ఇలాంటివారి కోసం ఇక్కడ గంటల లెక్కన అద్దెకిచ్చే వర్క్‌షాపులు ఉన్నాయి. కారును పైకెత్తే లిఫ్టు, పానాల పెట్టె వాళ్లిస్తారు, చేతులు మనవి. నేను వెళ్లిన చోటికి యజమాని అరవై దాటిన పెద్దాయన. ఆయన నాకు నేర్పిన మొదటి వాక్యం వ్యాకరణ పుస్తకంలో ఉండదు: "నాఖ్ ఫెస్ట్ కొమ్ట్ అప్." బిగుసుకున్న తరవాత జరిగేది తెగిపోవడమే అని అర్థం. తుప్పుపట్టిన బోల్టు మీద పానా వేసి ఒళ్లంతా బరువు మోపుతున్న నన్ను చూసి అన్నారు. ఆయన అనేసరికే అది తెగింది. మిగిలిన ముక్కను డ్రిల్లుతో తొలిచి తీయడానికి నాలుగు గంటల అద్దె కట్టాను.

భాషా తరగతుల్లో నేర్చిన జర్మన్ రైలు టికెట్టు కొనడానికి, డాక్టరు దగ్గర నొప్పి చెప్పుకోవడానికి సరిపోయింది. ఎదుటివాడు ఓపిక పట్టి వినే సంభాషణ మాత్రం నాకు లిఫ్టు కిందే దొరికింది. క్వెర్‌లెంకర్ అంటే చక్రాన్ని పట్టి ఉంచే అడ్డ చెయ్యి, ష్టోస్‌డెంప్ఫర్ అంటే షాక్ అబ్జార్బర్. ఏ భాగమైనా చేతిలో పట్టుకొని పేరు అడిగితే ఎవరూ విసుక్కోరు. ఆ పెద్దాయన రెండేళ్ల పాటు నన్ను "జీ" అనే పిలిచారు, అంటే మన "మీరు". వయసులో చిన్నవాడిని కదా, నువ్వు అనవచ్చు కదా అని నాకు మొదట్లో వింతగా ఉండేది. ఇక్కడ మీరు నుంచి "డూ"కు, అంటే నువ్వుకు, దిగడానికి పెద్దవారే చొరవ చూపాలనీ, అది దగ్గరితనమే కాని తక్కువ చేయడం కాదనీ తరవాత తెలిసింది.

పాత కారును పందేల ట్రాక్ మీదికి తీసుకెళ్లాలనుకునే ప్రతివాడూ మొదట ఇంజను శక్తి పెంచాలని చూస్తాడు. నేనూ అలాగే చూశాను. పెద్దాయన నా జాబితాను చదివి, పై నుంచి కింది దాకా తిరగేసి రాయమన్నారు. ముందు చల్లబరిచే వ్యవస్థ. పాతికేళ్లు వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్, అది ఏ కంపెనీది అయినా, బిస్కెట్టులా పెళుసవుతుంది. రేడియేటర్ మెడ, థర్మోస్టాట్ తొడుగు, వాటర్ పంపు, రబ్బరు గొట్టాలు అన్నీ ఒకేసారి మార్చాను. ఆ తరవాత రబ్బరు బుష్‌లు, అంటే లోహపు భాగాలు కలిసే చోట ఉండే రబ్బరు తొడుగులు. ఈ కారులో వెనుక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచే పొడవాటి చెయ్యి ఒక పెద్ద రబ్బరు బుష్ మీద తిరుగుతుంది. ఆ బుష్ వదులైతే, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే వెనుక చక్రం తన కోణాన్ని తానే మార్చుకుంటుంది. స్టీరింగు మన చేతిలో ఒకటి, కారు వెనుక భాగంలో మరొకటి ఉన్నట్టు అనిపిస్తుంది. పాత బుష్‌ను నొక్కి బయటికి తీశాక చూస్తే, లోపలి రబ్బరు సగం చుట్టూ చిరిగి ఉంది. కారు తోక ఊపుతోందని నేను గొప్పగా చెప్పుకున్నది ఆ చిరుగునన్నమాట.

బ్రేకుల గురించి నాకు అంతా తెలుసనుకున్నాను. కొత్త డిస్కులు, మంచి ప్యాడ్లు వేసి ఊరుకున్నాను. బ్రేక్ ఆయిల్ మాత్రం చూడటానికి రంగు బాగానే ఉందని వదిలేశాను.

కొలోన్ నుంచి గంటన్నరలోపు దూరంలో, ఐఫెల్ కొండల్లో న్యూర్‌బుర్గ్‌రింగ్ ఉంది. 1927లో తెరిచిన దాని ఉత్తరపు చుట్టు, నోర్డ్‌ష్లైఫె, 20.8 కిలోమీటర్లు, 73 మలుపులు. 1976లో పందేల డ్రైవరు నీకీ లౌడా మంటల్లో చిక్కుకున్న ప్రమాదం తరవాత ఫార్ములా వన్ పందేలు దాని మీద జరగలేదు. పందేలు, పరీక్షలు లేని సమయాల్లో అది సుంకం కట్టి ఎవరైనా వెళ్లగల రోడ్డు. రోడ్డు నియమాలే వర్తిస్తాయి, ఎడమ వైపు నుంచే దాటాలి, చుట్టుకు ఎంత సమయం పట్టిందో కొలవడం నిషేధం. రోజంతా మిల్లీసెకన్లు లెక్కపెట్టే నాకు, గడియారం చూడకూడదన్న ఈ నియమం మొదటి రోజు నుంచే హాయినిచ్చింది. ఇనుప కంచెకు తగిలితే మాత్రం, వంగిన ప్రతి ముక్కకూ బిల్లు మన ఇంటికి వస్తుంది. బీమా పాలసీల్లో కొన్ని ఈ చోటును పేరు పెట్టి మినహాయిస్తాయి కనుక ఆ చిన్న అక్షరాలు ముందే చదవాలి.

2020 వేసవిలో, పని ముగిశాక ఒక సాయంత్రం నా రెండో చుట్టులో ఈ సంఘటన జరిగింది. ఆ చుట్టులోని ష్వేడెన్‌క్రోయ్ట్స్ మలుపు దాటి ఆరెంబెర్గ్ మలుపుకు ముందు గట్టిగా బ్రేకు తొక్కాను. నేను కూర్చున్నాక కారు బరువు సుమారు 1,450 కిలోలు. గంటకు 180 కిలోమీటర్ల నుంచి 80కి దిగాలంటే దాదాపు 14.5 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. అది నాలుగున్నర లీటర్ల మామూలు నీళ్లను మరిగే స్థితికి తేగలదు, ఆ పని మూడు నాలుగు సెకన్లలో జరిగిపోతుంది. ఫుక్స్‌రోరె లోయలోకి దిగి పైకి లేచి, ఆడెనావర్ ఫోర్స్ట్‌లో మళ్లీ బ్రేకు. అక్కడి నుంచి వేర్‌జైఫెన్ మీదుగా బ్రైడ్‌షైడ్ దాకా దారంతా పల్లమే. వేర్‌జైఫెన్ దగ్గర పెడల్ కొంచెం మెత్తబడింది. బ్రైడ్‌షైడ్ వంతెన ముందు అది దాదాపు నేలను తాకింది.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదనీ, తేమ పట్టాక కనీసం 155 డిగ్రీల దాకా తట్టుకోవాలనీ ప్రమాణం. మరిగిన ఆయిల్‌లో బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలు వేసిన బలమంతా బుడగలను నలపడానికే పోతుంది, ప్యాడ్ల దాకా చేరదు. ఇదంతా నేను ఆఫీసులో కొత్తగా చేరినవారికి బొమ్మ గీసి చెప్పే పాఠమే. తెర మీద అది పీడనపు గీతలో వచ్చే ఒక చిన్న వంపు. కాలి కింద మాత్రం అది మెట్టు ఉందనుకొని చీకట్లో అడుగు వేసినట్టుంటుంది. పెడల్‌ను రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కి, గేరు మూడు నుంచి రెండుకు దించి, కుడివైపు సంకేత దీపం వేసి అంచుకు జరిగాను. బ్రైడ్‌షైడ్ ఆ ట్రాక్‌లో అతి పల్లపు చోటు. అక్కడి నుంచి హోహె ఆఖ్ట్ దాకా దాదాపు 300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఆ ఎక్కుడే నన్ను కాపాడింది. బ్రేకు అవసరం లేకుండా నెమ్మదిగా ఎక్కేసరికి ఆయిల్ కొంత చల్లారి పెడల్ మళ్లీ చేతికందింది, అంటే కాలికందింది.

మరుసటి శనివారం లిఫ్టు కింద పాత ఆయిల్‌ను సీసాలోకి తీస్తుంటే పెద్దాయన పక్కకు వచ్చి నిలబడ్డారు. "మీరు బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేస్తారని చెప్పారు కదూ?" అని అడిగారు. ఇంకేమీ అనలేదు. ఇప్పుడు ట్రాక్‌కు వెళ్లే ఏడాది మొత్తానికి రెండుసార్లు ఆయిల్ మారుస్తాను, ప్రతి మూడు చుట్లకు ఒకసారి ఆపి చల్లారనిస్తాను.

ఎత్తు మార్చుకోగల స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల జత వేయడం ఒక్క రోజు పని. దాన్ని కాగితం మీదికి ఎక్కించడానికే నెలలు పట్టింది. ఇక్కడి వాహన నియమావళిలోని 19వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం కలిగించగల మార్పు ఏది చేసినా, తనిఖీ చేయించి ఆమోదం పొందకపోతే ఆ కారుకు రోడ్డు మీద తిరిగే అనుమతే రద్దవుతుంది. స్ప్రింగులకు వాటి ధ్రువపత్రం ఉంది, పాత యజమాని వేసిన వెడల్పాటి చక్రాలకు వాటి ధ్రువపత్రం ఉంది. రెండు కాగితాలూ పట్టుకొని ధీమాగా వెళ్లాను. తనిఖీ ఇంజనీరు రెండూ చదివి పక్కన పెట్టి, చక్రాల ధ్రువపత్రం మామూలు స్ప్రింగులున్న కారుకు ఇచ్చినదనీ, స్ప్రింగుల ధ్రువపత్రం మామూలు చక్రాలున్న కారుకు ఇచ్చినదనీ, రెండూ కలిసిన నా కారు గురించి ఈ రెండింటిలో ఏదీ మాట్లాడటం లేదనీ చెప్పారు. అప్పటికి కోపం వచ్చింది కానీ, ఇంటికి వచ్చాక ఆలోచిస్తే మా ఆఫీసులో నేను ఇతరులకు తిప్పి పంపే నివేదికల్లోని తప్పు సరిగ్గా ఇదే.

రెండోసారి కారును విడిగా పరీక్షించే పద్ధతిలో దరఖాస్తు చేశాను. ఆయన ఒక ముందు చక్రాన్ని, దానికి మూలగా ఉన్న వెనుక చక్రాన్ని దిమ్మెల మీదికి ఎక్కించి, స్టీరింగును చివరి దాకా తిప్పించి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమోనని టార్చి వేసి చూశారు. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో నాలుగు వైపులా కొలిచారు. కారు కిందికి దిగింది కనుక హెడ్‌లైట్ల వెలుగు పడే ఎత్తు మళ్లీ సరిచేయించారు. తరవాత పక్క సీటులో కూర్చొని నన్ను నడపమన్నారు. లైసెన్సు పరీక్ష తరవాత నా పక్కన ఒక జర్మన్ అధికారి కూర్చోవడం అదే మొదటిసారి, అరచేతులు చెమర్చాయి. తిరిగి వచ్చాక ఆయన మౌనంగా టైపు చేసి ఇచ్చిన కాగితంలో, నేను మార్చిన ప్రతి భాగానికీ పేరు, సంఖ్య, షరతు ఉన్నాయి. నా అదనపు కాగితం గుర్తొచ్చింది. మార్పును వద్దనని దేశం ఇది, కానీ మార్చినదాన్ని దాచనివ్వదు.

ఆ కాగితం చూపించడానికి వర్క్‌షాపుకు వెళ్లినప్పుడు పెద్దాయన కళ్లజోడు పెట్టుకొని చివరి వరుస దాకా చదివారు. జిడ్డు చెయ్యిని గుడ్డకు తుడుచుకొని ముందుకు చాపి తన మొదటి పేరు చెప్పారు. ఆ రోజు నుంచి మేము "డూ".

2026తో కారుకు ముప్పై ఏళ్లు నిండుతాయి. ఇక్కడ ఆ వయసు దాటి, బాగా సంరక్షించిన వాహనానికి నంబరు ప్లేటు చివర "హెచ్" అక్షరం ఇస్తారు, పన్ను ఏడాదికి 191.73 యూరోలకు స్థిరపడుతుంది. కారు తొలి రూపంలో ఉండాలి, లేదా ఆ కాలంలో మామూలుగా జరిగిన మార్పులే ఉండాలి. నా స్ప్రింగులు ఆ లెక్కలోకి వస్తాయో రావో పెద్దాయనా నేనూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. అసలు స్ప్రింగులను నేను పారేయలేదు. నేలమాళిగలో, పాత దినపత్రికల్లో చుట్టి, ఏది ముందుది ఏది వెనుకది అని తెలుగులో రాసిన చీటీలు అంటించి పెట్టాను.